చిన్న ఫిల్ముకు పట్టని నడుము

పోయిన నెల ఒక పెళ్లికని జనగామ నుంచి భూపాలపల్లికి వెళ్తున్నాను. పరకాల దాటాక, మొగుళ్లపల్లి రోడ్డు చీలే చోట బస్సు ఆగింది. కిటికీలోంచి చూస్తే ఎదురుగా కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ. అందులో ఆయన. ఫ్లెక్సీ వేసినవాళ్లు ఆయన ముఖం కింద ఎవరిదో నల్లకోటూ టైయూ అతికించారు. బతికినన్నాళ్లూ పై గుండీ పెట్టుకోని మనిషికి పోయాక టై దొరికింది. కింద ఎర్రటి అక్షరాల్లో 'ఎవరికీ తల వంచని ధీరుడికి కన్నీటి వీడ్కోలు' అని రాసి, దశదిన కర్మ ఫలానా రోజని వేశారు. ఆ రోజు దాటి అప్పటికే వారమైంది.

మనిషి పోయిన సంగతి నాకు అట్లా తెలిసింది. ఏడవాల్సినదాన్ని ఫక్కున నవ్వాను. పక్క సీటావిడ నన్నొకసారి ఎగాదిగా చూసి తన సంచిని ఒళ్లోకి లాక్కుంది.

ధీరుడు తల ఎందుకు వంచలేదో ఆ ఫ్లెక్సీ వేయించిన ఉద్యోగ సంఘంవాళ్లకు తెలియదు. నాకు తెలుసు. నేను ముప్పై ఏళ్లు సర్కారు దవాఖానలో ఎక్స్‌రేలు తీశాను. జనం నన్ను 'ఫోటోలక్క' అనేవాళ్లు. ఆయన నడుముకు రెండుసార్లు ఫోటో తీసింది నేనే. మొదటిసారి తీసిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ నాకు తల ఎత్తబుద్ధి కాదు.

ఆయన ఒక మండలాఫీసులో అటెండరు. ఏ మండలమో చెప్పను, మా దవాఖాన పేరూ చెప్పను. చెప్పకపోయినా నష్టం లేదు. సర్కారు కొలువు చేసిన ప్రతివాళ్లూ ఇది తమ ఆఫీసే అనుకుంటారు.

దూరం నుంచి చూస్తే ఎవరికైనా ఆయన పొగరుబోతులాగే కనపడేవాడు. వెనక నుంచి పిలిస్తే తల తిప్పేవాడు కాదు; కాళ్లతో సహా మొత్తం మనిషే తిరిగేవాడు. "నన్ను ఎనుకనుంచి పిలువకుండ్రి. లారీ మలపాలంటె జాగ గావాలె" అనేవాడు. చాయ్ తాగితే గ్లాసులో ఆఖరి గుక్క ఎప్పుడూ మిగిలిపోయేది. తల వెనక్కి వాలిస్తే గాని ఆ గుక్క నోట్లోకి రాదు, ఆయన తల వెనక్కి వాలదు. హోటలాయన మాత్రం తన చాయ్‌కి వంక పెడుతున్నాడని ఏళ్ల తరబడి మొఖం మాడ్చుకున్నాడు. పొద్దున పూట ఆయనకు చెప్పులు భార్య తొడిగేది. "పెండ్లాంతోని చెప్పులు తొడిగిచ్చుకునుడేంది, ఏం మదమో" అని వాడకట్టు ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకునేవాళ్లు. ఆమె ఎవరికీ జవాబు చెప్పేది కాదు. "చెప్తె మాత్రం నమ్ముతరా వదినా? పొద్దుగాల చెప్పు తొడుక్కోరాదు, పొద్దుమీకి వాలీబాల్ ఆడ్తడు. నాకే ఒక్కోపారి అనుమానమొస్తది" అని నాతో ఒకసారి అన్నది.

గోదావరి ప్రాజెక్టు పనులు చూడటానికి ఒక పెద్ద నాయకుడు వచ్చినప్పటి ముచ్చట కూడా ఉంది. అప్పటికి ఈయన మహదేవపూర్ దిక్కు ఉండేవాడు. వరుసలో నిలబడ్డ సిబ్బంది ఒకరి తర్వాత ఒకరు వంగి నాయకుడి కాళ్లకు మొక్కారు. ఈయన మాత్రం నిటారుగా నిలబడి నాయకుడి కళ్లలోకి చూశాడు. సంఘంవాళ్లు మురిసిపోయి ఆ సాయంత్రమే ఆయనకు దండ వేశారు. "నేను గూడ మొక్కుదమనే అనుకున్ననక్కా. బదిలీ అడుగుదమనుకున్న. నడుం ఒప్పుకోలే" అని నాకు చెప్పాడు. దండ వేస్తున్నప్పుడు ఆ సంగతి వాళ్లకెందుకు చెప్పలేదని అడిగితే, "పాపం, వాళ్లు గంత సంబురపడ్డంక ఎట్ల జెప్తం" అన్నాడు.

అసలు తిరకాసంతా ఆయన నొప్పిలోనే ఉంది. అది లోకంలోని నొప్పుల్లా పద్ధతి గల నొప్పి కాదు. మనకు పని చేస్తే నడుము నొస్తుంది, పడుకుంటే తగ్గుతుంది. ఆయనకు పడుకుంటే పట్టేసేది, తిరిగితే సడలేది. తెల్లారి లేచి గంటన్నర గోడ పట్టుకుని నడిస్తే గాని కూర్చోవడం, ఇంకో మూడు గంటలైతే గాని ఒంగడం కుదిరేది కాదు. "పొద్దుగాల నేను కట్టెను. పదకొండు గొట్టంగ మనిషినైత" అనేవాడు. ఆఫీసు తాళం తీయడానికి సర్కారు పదకొండు గంటల మనిషిని పెట్టుకోలేదన్నదే చిక్కు.

ఆయనకు ముప్పై ఏళ్లున్నప్పుడు, కొత్త జిల్లాలు ఇంకా కాకముందు, ఆ ఆఫీసుకు ఒక కొత్త పెద్దసారు వచ్చాడు. సారుకు పనికంటే మర్యాద ముఖ్యం. వచ్చిన వారంలోనే బోనాల ఊరేగింపులో ఈయన డప్పుల ముందు ఎగిరి దుంకడం సారు కళ్లారా చూశాడు. తెల్లారి ఆఫీసులో, రైతులు పది మంది పాసుబుక్కుల కోసం నిలబడి ఉండగా, సారు చేతిలోంచి పెన్ను జారి టేబులు ముందుకు దొర్లింది. సారు ఈయన వైపు చూశాడు. ఈయన పెన్ను వైపు చూశాడు.

"ఏమయ్యా, కనపడటం లేదా?" అన్నాడు సారు.

"కనవడ్తున్నది సార్. వంగరాదు."

"నిన్న డప్పుల దగ్గర బాగానే వంగిందే!"

"అది నిన్న పొద్దుమీకి సార్. గిది ఇయ్యాల పొద్దుగాల."

ఆ జబ్బు గురించి అంతకంటే కచ్చితమైన మాట ఏ పుస్తకంలోనూ ఉండదు. కానీ రైతుల్లో ఎవరో కిసుక్కుమన్నారు. సారు లేచి, టేబులు చుట్టూ తిరిగి వచ్చి, తనే వంగి పెన్ను తీసుకున్నాడు. పెద్దసారు అటెండరు కాళ్ల ముందు వంగడమంటే మాటలా! మధ్యాహ్నానికల్లా మెమో తయారైంది. విధుల్లో అలసత్వం, పై అధికారిని కావాలని అవమానించడం అని రాశారు. పెన్ను ఊసు ఎక్కడా లేదు. ఈయన నడుము నొప్పని జవాబిస్తే, అయితే దవాఖాన నుంచి కాయితం తెమ్మన్నారు.

అట్లా ఆయన ఆఫీసు కవరు పట్టుకుని నా గదికి వచ్చాడు. కూర్చోమన్నాను.

"కూసుంటె మల్ల లేపనీకె ఇద్దరు మనుషులు గావాలె అక్కా. నిలవడే ఉంట."

వెటకారమనుకున్నాను. నాకూ ఆ విద్య బాగానే వచ్చు కాబట్టి ఎదుటివాళ్లలో త్వరగా గుర్తుపడతాను. ఆ రోజుకు నా గదిలో పెద్ద ఫిల్ములు అయిపోయి మూడు వారాలైంది. ఫిల్ములు పంపమని ఇండెంటు పెట్టాను, మళ్లీ పెట్టాను. పైవాళ్లు నా ఇండెంట్లను భద్రంగా దాచుకున్నారు. మిగిలినవి చేతులకూ పాదాలకూ వాడే చిన్న ఫిల్ములు. నడుము ఫోటో అంటే వెన్నుపూసలతో పాటు, అడుగున వెన్ను తుంటితో కలిసే రెండు కీళ్లూ రావాలి. చిన్న ఫిల్ములో అంతా పట్టదు. చీటీలో 'నడుము' అని ఉంది కదా అని నడుము మధ్యకు గురిపెట్టి మీట నొక్కాను. అడుగు భాగం తెగిపోయింది. తెగిపోయిందని నాకు తెలుసు. ఎవరడుగుతారులే అనుకున్నాను. ఎవరూ అడగలేదు.

ఎముకల డాక్టరు వారానికి రెండు రోజులు వచ్చేవాడు. వచ్చిన రోజున తొందరగా వెళ్లిపోవడానికే వచ్చేవాడు. తడి ఆరని ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తి, ఒక ఆవలింత పూర్తయ్యేలోపు చదివేశాడు.

"వెన్నుపూస బంగారం లెక్కున్నది. నొప్పి ఎప్పుడొస్తది?"

"పొద్దుగాల సార్. పండుకుంటె ఎక్కువైతది, పని జేస్తె తక్కువైతది."

"పని చేస్తె తగ్గే నొప్పా?" డాక్టరు నా వైపు తిరిగి నవ్వాడు. "గసొంటి నొప్పి సర్కారు నౌకర్లందరికి రావాలె. దేశం బాగుపడ్తది."

నేనూ నవ్వాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఫిల్మును కవరులో పెట్టి ఇస్తూ, "నీకేం లేదు తమ్ముడూ. జర పొద్దుగాల లేచుడు అలవాటు చేసుకో" అన్నాను.

ఆయన కవరు అందుకుని నా మిషిన్ను పై నుంచి కిందిదాకా చూశాడు.

"అక్కా, గిది బొక్కలనే తీస్తదా? నొప్పిని గూడ తీస్తదా?"

"బొక్కలనే."

"మరి నొప్పి లేదని ఎట్ల చెప్పవట్టింది?"

తర్వాతి పేషెంటును పిలిచాను.

డాక్టరు రాసిన 'నార్మల్' అన్న ఒక్క మాట ఆఫీసుకు చేరి అక్కడ పిల్లల్ని పెట్టింది. విచారణ జరిగింది. 'పని ఎగ్గొట్టేందుకు జబ్బు నటించాడు' అని ఆయన సర్వీసు రిజిస్టరులో ఎర్రసిరాతో ఎక్కింది. ఆయన్ను మహదేవపూర్ దిక్కు బదిలీ చేశారు. గంటల తరబడి బస్సులో కదలకుండా కూర్చోవడమే గిట్టని మనిషికి, వారం వారం ఇంటికి వచ్చిపోయే దూరం అది. ఏ జబ్బుకు ఏది పడదో అంత బాగా కనిపెట్టిన సారును డాక్టరీ చదివించాల్సింది.

ఎనిమిదేళ్ల తర్వాత ఆయన మళ్లీ మా దవాఖానకు వచ్చాడు, నడుముకు కాదు, కంటికి. ఎడమ కన్ను నిప్పుకణికలా ఉంది. కంటి డాక్టరు కొత్తగా చేరిన చిన్నపిల్ల. దవాఖాన అలవాట్లు ఇంకా ఒంటబట్టలేదు కాబట్టి, పేషెంటు చెప్పేది ఆఖరుదాకా వినేది. కంట్లోకి లైటు వేసి చూసి, ఇంతకుముందు ఎన్నిసార్లు ఇట్లా అయిందని అడిగింది. మూడుసార్లన్నాడు.

"పొద్దున లేవగానే నడుము పట్టేస్తుందా?" అని అడిగింది ఆమె.

"ఎనిమిదేండ్ల కింద నడుం సూపిస్తె ఎవ్వలు నడుం సంగతి అడగలే. ఇయ్యాల కన్ను సూపిస్తె అడిగిండ్రు. కంటికి నడుముకు గిదేం సుట్టరికమక్కా?" అన్నాడు నాతో.

చుట్టరికం ఉందని ఆ డాక్టరమ్మ ఆయనకు ఓపిగ్గా చెప్పి పంపింది. ఒంటిని కాపాడాల్సిన శక్తి దారితప్పి సొంత కీళ్లనే వాచేటట్టు చేసే జబ్బులు కొన్ని ఉన్నాయి. అందులో ఈ రకం నడుము అడుగున ఉండే కీళ్లలో మొదలై, ఏళ్ల మీద వెన్నునంతా అతికేస్తుంది, మధ్యమధ్య కంటిని కూడా పట్టుకుంటుంది. నాకు రాసిన చీటీలో 'తుంటి మొత్తం, రెండు వైపుల కీళ్లూ కనపడాలి' అని కింద గీత గీసి మరీ రాసింది.

అప్పటికి నా గదిలోకి కంప్యూటరు మిషిను వచ్చింది. ఆయన తలుపు దగ్గరే ఆగి, మొత్తంగా నా వైపు తిరిగాడు.

"మంచిగున్నవా అక్కా? నీ మిషిను మారింది. నేను గూడ మారిన."

బల్ల మీద పడుకోబెడితే తల బల్లకు ఆనలేదు. మధ్యలో నా పిడికిలి పట్టేంత సందు. దుప్పటి మడిచి పెట్టాను. తెర మీద బొమ్మ వచ్చాక నేను కాసేపు కుర్చీలోంచి లేవలేదు. వెన్ను అడుగున ఇటొకటి, అటొకటి సన్నటి నల్లగీతలు ఉండాలి. అక్కడ కీలు ఉందనడానికి గుర్తు అది. ఆ గీతలు లేవు. ఎముకకు ఎముక అతుక్కుని తెల్లగా పోతపోసినట్టుంది. పైన పూసల అంచుల మీదుగా ఎముక వంతెనలు కట్టుకుంటూ పోయింది. వెన్ను వెదురుగడలా ఉంది.

ఆయన సంచిలోంచి పాత కవరు తీశాడు. "గీ పాతది గూడ సూడు. పారేస్తె మల్ల నటించినవంటరని దాసిపెట్టిన."

లైటు పెట్టె మీద పెట్టి చూశాను. నేను తీసిన చిన్న ఫిల్మే. కింది అంచున, ఎడమ పక్క, కీలు తాలూకు పై కొస వేలెడు కూడా కాదు, గోరంత కనపడుతోంది. ఆ గోరంతలోనే గీత చెరిగిపోయి, అంచు చెదలు తిన్నట్టుంది. మిగతా కీలంతా ఫిల్ముకు బయట ఉండిపోయింది.

చెప్పకుండా ఉండొచ్చు. ఎనిమిదేళ్లు ఉన్నాను కదా. కానీ ఆయన బల్ల పక్కన నిలబడి నా ముఖంలోకే చూస్తున్నాడు.

"తమ్ముడూ, అప్పుడు పెద్ద ఫిల్ములు లేకుండె. చిన్నదాంట్ల తీసిన. రోగం ఉన్నకాడికే తెగిపోయింది. తెగిందని నాకు తెల్సు. చెప్పలే."

ఆయన మొత్తంగా లైటు పెట్టె వైపు తిరిగి ఆ గోరంతను చూశాడు. తర్వాత అడిగాడు.

"పెద్దది పెడితె దొరుకుతుండెనా?"

"దొరుకుతుండె అనిపిస్తున్నది."

"ఆ డాక్టరుకు?"

నేను పాత ఫిల్మును తీసి కవరులో పెట్టాను.

"అయితె నువ్వు రెండు ఇండెంట్లు పెట్టాల్సి ఉండె అక్కా. పెద్ద ఫిల్ముకొకటి, పెద్ద డాక్టరుకొకటి."

నవ్వాడు. పక్కటెముకలు కూడా పట్టేసి ఉన్నాయేమో, నవ్వితే ఛాతీ కదలలేదు, భుజాలు మాత్రం ఊగాయి. కళ్లు తుడుచుకున్నాడు. కన్ను గుంజుతున్నదన్నాడు. గుంజుతున్నది ఎడమ కన్ను, తుడుచుకున్నవి రెండూ. నేను తెరవైపు తిరిగాను.

ఆయన అడిగింది ఒక్కటే. బదిలీ కాదు, మరొకటి కాదు. సర్వీసు రిజిస్టరులో 'నటించాడు' అన్న మాట కొట్టేయించాలి. "నా బిడ్డ రేపు సదువుకోని, ఎన్నడన్న ఆ బుక్కు సూస్తె, నాయిన దొంగ ఏషాలేసిండనుకుంటది" అన్నాడు.

ఆ సాయంత్రమే నేను రాసిచ్చాను. మొదటి ఫోటో చిన్న ఫిల్మ్ మీద తీసింది నేనేనని, చూడాల్సిన కీళ్లు అందులో రాలేదని, దాన్నిబట్టి జబ్బు లేదనడం కుదరదని. మా పెద్ద డాక్టరు కాయితం చదివి, "రిటైర్మెంటుకు ఇంక మూడేళ్లే ఉంది. నీకెందుకమ్మా?" అన్నాడు. మంచి మనిషి, నా మేలు కోరే అన్నాడు. అయినా పంపాను. మొట్టమొదట వచ్చిన జవాబు నాకే. ఫిల్ములు లేవని ముందే ఎందుకు తెలియజేయలేదో సంజాయిషీ ఇవ్వాలని మెమో. పాత ఇండెంట్ల నకళ్లు జతచేసి పంపాను. ఆ తర్వాత నా జోలికి ఎవరూ రాలేదు. మెమో ఇచ్చినవాళ్లకు వాటిని చదివే ఓపిక ఉండదు.

ఇంతలో హనుమకొండలో కీళ్ల వాతం డాక్టరు ఆయనకు మందులు మొదలుపెట్టింది. "అతికింది అతికినట్టే ఉంటుంది. మిగిలింది కాపాడుకుందాం" అని ఉన్నమాట చెప్పింది. రోజూ చేయాల్సిన కసరత్తులు నేర్పింది. నొప్పి సగానికి తగ్గింది. ఈతకొలనుంటే ఈదడం మంచిదని కూడా చెప్పిందట. "కాలేశ్వరం కాలువల దుంకుతనన్న. వద్దన్నది" అన్నాడు.

రెండేళ్లకు రిజిస్టరు సంగతి తేలింది. ఒకసారి ఎర్రసిరాతో రాసిన దాన్ని కొట్టేయడానికి నియమాలు ఒప్పుకోవట. అందుకని 'జబ్బు నటించాడు' అన్న వాక్యాన్ని అట్లాగే ఉంచి, దాని కిందే 'తదుపరి ఎక్స్‌రే ప్రకారం జబ్బు ఉన్నట్లు తేలింది' అని నీలిసిరాతో రాశారు. పెన్ను సారు అప్పటికి ఇంకా పెద్దసారయ్యాడు. ఆ నీలి వాక్యం కింద సంతకం ఆయనదే. ఆయన పేరు చూసి నేను మండిపోతుంటే, ఈయన భుజాలు ఊపుతూ నవ్వాడు.

"సర్కారు లెక్కల నేను జబ్బున్న నటుణ్ని అక్కా. జబ్బు గూడ నిజమే, యాక్టింగు గూడ నిజమే."

నవ్వినా, ఆ పేజీ నకలు నాలుగుగా మడిచి జేబులో పెట్టుకోవడం చూశాను.

నా కొలువు ఆఖరి ఏడాదిలో ఆయన బిడ్డను వెంటబెట్టుకుని వచ్చాడు. ఇరవై ఏళ్ల పిల్ల. అడవి శాఖలో బీట్ ఆఫీసరు కొలువుకు తయారవుతోంది. దానికి నడక పరీక్ష ఉంటుంది. కొన్ని నెలలుగా పొద్దున లేవగానే నడుము పట్టేస్తోందని తల్లికి చెప్పిందట. తల్లి ఆ మాట ఆయనకు చెప్పిన రోజు ఆయన అన్నం తినలేదట.

"అత్తమ్మా, నాకేం కాలే. బాపుకు రంది ఎక్కువ" అంది ఆ పిల్ల బల్ల ఎక్కుతూ.

ఫోటో తీశాను. తీసినంతసేపూ ఆయన తలుపు బయట నిలబడ్డాడు. తెర మీద రెండు గీతలూ సన్నగా, నల్లగా, శుభ్రంగా ఉన్నాయి. చూస్తే ప్రాణం లేచొచ్చింది. 'ఏం లేదు' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంతకుముందొకసారి ఎవరితో అన్నానో గుర్తొచ్చి మింగేశాను.

"ఫోటోల ఏం కనవడ్తలేదు. అయితే గిది మొదట్ల ఫోటోకు దొరకదు, ఏండ్లు పడ్తది. హనుమకొండకు తీస్కపో. ఎంఆర్ఐ తీపిస్తరు" అన్నాను.

ఆయన మొత్తంగా బిడ్డ వైపు తిరిగాడు. "ఇన్నవా బిడ్డా? కనవడ్తలేదన్నది. లేదనలే."

ఎంఆర్ఐలో కుడివైపు కీలులో వాపు మొదలైనట్టు దొరికింది. ఎముక ఇంకా చెడలేదు. ఆ పిల్లకు వెంటనే మందులు మొదలయ్యాయి. తండ్రి కూతుళ్లిద్దరూ పొద్దున్నే చాప మీద కసరత్తులు చేసేవాళ్లు. ఆమె ముగించి, స్నానం చేసి, టిఫిన్ తిని పుస్తకం తీసేసరికి ఈయన రెండో కసరత్తులో ఉండేవాడని వాళ్లమ్మ చెప్పేది. మొదటిసారి నడక పరీక్షలో కొద్దిలో తప్పింది. మరుసటి నోటిఫికేషన్‌లో గెలిచింది. మహబూబాబాద్ జిల్లాలో కొత్తగూడ అడవిలో ఇచ్చారు. రోజూ నడవమని డాక్టరు చెప్పింది, సర్కారు జీతమిచ్చి నడిపిస్తోంది. నేను చూసినంతలో సర్కారు వైద్యం అంత సక్రమంగా అందింది ఆ పిల్లకొక్కదానికే.

బస్సులోంచే ఆ పిల్లకు ఫోను చేశాను. ఏడుస్తూ చెప్పింది. ఛాతీకి నిమ్ము చేసిందట, పక్కటెముకలు కదలక ఊపిరి సరిగా అందలేదట, నాలుగు రోజుల్లో అయిపోయిందట. కబురు చేద్దామంటే నా నంబరు బాపు ఫోనులోనే ఉందని, ఆ ఫోను తీసి చూడబుద్ధి కాలేదని అంది.

ఆయన నాతో ఆఖరిసారి మాట్లాడింది ఉగాది దాటాక. పొద్దున ఐదున్నరకు ఫోను మోగితే, ఎవరికేమైందోనని గాబరాగా ఎత్తాను.

"అక్కా, బిడ్డ డ్యూటీల చేరింది. ఇయ్యాల మొదటి రోజు. తెల్లారకముందే అడివిల వడ్డదట. గిప్పుడే ఫోన్ జేసింది. నొప్పి లేదట, ఏం లేదట."

"మంచిమాట చెప్పినవ్ తమ్ముడూ. మరి నువ్వెందుకు లేచినవ్ గింత పొద్దుగాల?"

"నేనింకా లెవ్వలే అక్కా. పండుకోనే మాట్లాడుతున్న. లేవాలంటె ఇంకో గంట పడ్తది. గప్పటిదాంక ఆగవట్టదాయె."